వేడి మోసే ద్రవంగా అయానిక్ లిక్విడ్: కేటలాగ్‌లో 400 డిగ్రీలు, గొట్టంలో 180

అయానిక్ లిక్విడ్ అంటే మామూలు ఉష్ణోగ్రతల్లోనే ద్రవంగా ఉండే ఉప్పు. దాని కేటలాగ్ తెరవగానే నాలుగు మాటలు కనిపిస్తాయి. విఘటన (వేడికి ద్రవం విరిగిపోవడం) 400 డిగ్రీల పైన. ఆవిరి పీడనం దాదాపు సున్నా. మంట అంటుకోదు. గది ఉష్ణోగ్రత దగ్గరే ద్రవం. వేడి మోయడానికి వాడే థర్మల్ ఆయిల్ లీకులతో, వాసనతో, పీడనంతో వేగిపోయే ఇంజినీరుకు వీటిని చూస్తే ఆశ కలగడం సహజమే. నాలుగింటిలోనూ నిజం ఉంది, కానీ నాలుగూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఒకేసారి నిజం కావు. కొనేముందు తేల్చుకోవలసిన విషయం ఇదే.

ఇక్కడ ముఖ్యంగా చూస్తున్నది 1-బ్యూటైల్-3-మిథైల్ ఇమిడజోలియం బిస్‌ట్రైఫ్లిమైడ్. ఇకపై బీమిమ్ ట్రైఫ్లిమైడ్ అందాం. వేడి పనికి మొదట అందరూ ఎంచుకునే రకం ఇది. ఇందులో బ్యూటైల్‌కు బదులు హెక్సైల్ ఉన్న దాన్ని అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపాక్ ప్రామాణిక నమూనాగా తీసుకుని, పలు ప్రయోగశాలల్లో కొలిపించి, 2009లో విలువలను ప్రకటించింది. అందుకే ఈ కుటుంబపు అంకెలను మిగతా రకాల అంకెలకంటే ఎక్కువగా నమ్మవచ్చు. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే.

25 డిగ్రీల దగ్గర దీని సాంద్రత లీటరుకు 1.44 కిలోలు. విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 1.35 కిలోజౌళ్లు. ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 0.126 వాట్లు. స్నిగ్ధత, అంటే చిక్కదనం, 50 సెంటీపాయిజ్. నీటి విలువలు వరుసగా 1.0, 4.18, 0.6, 0.89. నీళ్లు పనికొచ్చే చోట దీన్ని తలచుకోవలసిన అవసరమే లేదని ఈ వరుస చూస్తే తెలుస్తుంది. సరైన పోలిక థర్మల్ ఆయిల్‌తోనే.

థర్మినాల్ వీపీ-1 అనే థర్మల్ ఆయిల్ 73.5 శాతం డైఫినైల్ ఆక్సైడ్, 26.5 శాతం బైఫినైల్ కలిసిన మిశ్రమం. దాని విశిష్టోష్ణం 1.56, సాంద్రత 1.06, ఉష్ణవాహకత 0.136. కిలో లెక్కన ఆయిల్‌దే పైచేయి. అయితే గొట్టంలో పారేది లీటర్లు. లీటరు లెక్కన డిగ్రీకి బీమిమ్ ట్రైఫ్లిమైడ్ 1.94 కిలోజౌళ్లు మోస్తుంది, వీపీ-1 మోసేది 1.65. అంటే అయానిక్ లిక్విడ్ 17 శాతం ముందుంది. ఉష్ణవాహకతలో రెండూ ఇంచుమించు సమానం. ఇంకో మంచి గుణం కూడా ఉంది: వేడి పెరిగినా అయానిక్ లిక్విడ్ ఉష్ణవాహకత పెద్దగా పడిపోదు. 20 నుంచి 80 డిగ్రీల దాకా తగ్గేది కొద్ది శాతమే. ఇంతవరకూ ఫిర్యాదు లేదు.

400 డిగ్రీలు ఎక్కడినుంచి వచ్చాయి

ఆ అంకె థర్మోగ్రావిమెట్రీ పరీక్షలోది. కొన్ని మిల్లీగ్రాముల ద్రవాన్ని పళ్లెంలో వేసి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడిచేస్తూ బరువు చూస్తారు. బరువు చటుక్కున పడిపోయే చోటికి టాంజెంట్ గీసి దాన్ని ‘ఆన్‌సెట్’ అంటారు. ఆ వేగంతో వెళ్తుంటే నమూనా 300, 310 డిగ్రీల మధ్య ఉండేది ఒక్క నిమిషం. లూప్‌లో, అంటే ద్రవం తిరిగే మూసిన గొట్టాల చుట్టులో, అది ఉండవలసింది ఏడాదికి 8,000 గంటలు. నిమిషంలో కనపడని విఘటన వేల గంటల్లో కనపడుతుంది.

అందుకే అడగవలసింది స్థిర ఉష్ణోగ్రత పరీక్ష ఫలితం: 10 గంటల్లో 1 శాతం బరువు పోయే ఉష్ణోగ్రత ఎంత? అది ఆన్‌సెట్ కంటే 100 డిగ్రీలకు పైగా కిందికి రావడం మామూలే. అదీ సరిపోదు. 10 గంటలకు 1 శాతం అంటే 1,000 గంటలకు మొత్తం ద్రవం పోయినట్టు. ఒక ద్రవానికి ఈ అంకె 250 డిగ్రీలు అనుకుందాం. విఘటన క్రియాశీలతా శక్తి (చర్య జరగడానికి దాటవలసిన శక్తి అడ్డు) మోలుకు 150 కిలోజౌళ్లు అనుకుంటే, ఆ ప్రాంతంలో ప్రతి 10 డిగ్రీలకు వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఏడాదికి 5 శాతం నష్టం చాలనుకుంటే వేగం 160 రెట్లు తగ్గాలి. ఉష్ణోగ్రతతో వేగం ఎలా మారుతుందో చెప్పే ఆరీనియస్ లెక్క వేస్తే అది 183 డిగ్రీల దగ్గర తేలుతుంది. మీ ద్రవానికి క్రియాశీలతా శక్తి వేరుగా ఉంటే జవాబూ మారుతుంది, లెక్క పద్ధతి మాత్రం ఇదే. సరఫరాదారు దగ్గర కనీసం మూడు స్థిర ఉష్ణోగ్రతల దత్తాంశం లేకపోతే ఈ లెక్క వేయడం కుదరదు. అలాంటప్పుడు 400 అన్న అంకెకు విలువ ఇవ్వకండి.

పరీక్షలో ఇంకో తిరకాసు ఉంది. అయానిక్ లిక్విడ్లు అసలు ఆవిరి కావన్న మాట పూర్తి నిజం కాదు. తక్కువ పీడనంలో, 200 నుంచి 300 డిగ్రీల మధ్య కొన్నింటిని స్వేదనం చేయవచ్చని 2006లోనే చూపించారు. ట్రైఫ్లిమైడ్లు ఆ కోవలోవే. కాబట్టి తెరిచిన పళ్లెంలో పోయిన బరువులో కొంత ఆవిరైన ద్రవం, కొంత విరిగిన ద్రవం. రెంటినీ విడదీయాలంటే మూసిన గొట్టంలో నత్రజని కింద వేడిచేసి, తరువాత మిగిలిన ద్రవాన్ని అణువుల నిర్మాణం చూపే ఎన్ఎంఆర్ పరీక్షతో చూడాలి. మూసిన లూప్‌కు మూసిన గొట్టం పరీక్షే సరైన సాక్ష్యం.

ఇప్పుడు మొదటి నాలుగు మాటలకు వద్దాం. వీపీ-1 మరిగేది 257 డిగ్రీల వద్ద, 400 డిగ్రీలకు దాని పీడనం దాదాపు 11 బార్. పీడనం లేకపోవడం నిజంగా అక్కరకొచ్చేది 257 దాటాకే. అయానిక్ లిక్విడ్ ఏళ్ల తరబడి నిలిచేది 200 లోపు. ఆ 200 లోపు వీపీ-1కీ పీడనం లేదు. థర్మినాల్ 66 అయితే 345 డిగ్రీల దాకా వాడకానికి అనుమతి ఉన్న ద్రవం, మరిగేది 359 దగ్గర. అంటే అయానిక్ లిక్విడ్‌కు ఉన్న పెద్ద ఆకర్షణ అది బతకలేని ఉష్ణోగ్రతలో ఉంది. సౌర పారాబోలిక్ ట్రఫ్ (దోనె ఆకారపు అద్దాల) ప్లాంట్లకు దీన్ని సూచించిన ప్రతిపాదనలు 2001 నుంచే ఉన్నాయి. అవి వీపీ-1ను కదిలించలేకపోవడానికి ధర ఒక్కటే కారణం కాదు, ఇది కూడా.

స్నిగ్ధత చేసే నష్టం

చదవడానికి 50 సెంటీపాయిజ్ చిన్న అంకెలాగే ఉంటుంది. 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో సెకనుకు 1 మీటరు వేగంతో పంపితే ఏమవుతుందో చూడండి. ప్రవాహం ఎంతగా సుళ్లు తిరుగుతుందో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య 25 డిగ్రీల నీటికి 28,000. వీపీ-1కి 7,000 పైన. బీమిమ్ ట్రైఫ్లిమైడ్‌కు 720. అంటే పూర్తి లామినార్ ప్రవాహం, పొరలు కలవకుండా జారేది.

3 మీటర్ల గొట్టానికి సీడర్–టేట్ సూత్రంతో ఉష్ణ బదిలీ గుణకం (గోడ నుంచి ద్రవానికి వేడి ఎంత తేలికగా వెళ్తుందో చెప్పే అంకె) చదరపు మీటరు-కెల్విన్‌కు 140 వాట్ల దగ్గర వస్తుంది. అదే గొట్టంలో నీటికి 4,100. పూర్తిగా కుదురుకున్న లామినార్ ప్రవాహానికి పాఠ్యపుస్తకం ఇచ్చే నసెల్ట్ సంఖ్య 4.36 వాడితే అయానిక్ లిక్విడ్‌కు 22 మాత్రమే వస్తుంది, కానీ ఆ విలువ ఇక్కడ వర్తించదు. ప్రాంట్ల్ సంఖ్య (స్నిగ్ధత ప్రభావానికీ ఉష్ణ వ్యాప్తికీ నిష్పత్తి) 540 దగ్గర ఉండటంతో ఉష్ణ ప్రవేశ దూరం, అంటే అలా కుదురుకోవడానికి కావలసిన పొడవు, 480 మీటర్లు పడుతుంది. ఏ హీట్ ఎక్స్‌చేంజర్‌లోనూ అంత పొడవు ఉండదు, కాబట్టి ప్రవేశ ప్రాంతపు సూత్రాలే వాడాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా అభివృద్ధి చెందిన ప్రవాహాన్ని అనుకుని లెక్కవేస్తే ఎక్స్‌చేంజర్‌ను అవసరానికి మించి ఎన్నో రెట్లు పెద్దది చేస్తుంది.

గుణకం 140 అంటే గోడమీద ఏం జరుగుతుంది? చదరపు మీటరుకు 10 కిలోవాట్ల వేడి పెడితే గోడకూ ద్రవానికీ మధ్య తేడా 72 డిగ్రీలు. అదే 50 కిలోవాట్లు పెడితే లెక్క ప్రకారం 360. నిజానికి గోడ పక్కన ద్రవం పలచబడి తేడా కొంత తగ్గుతుంది. అయినా చల్లని ద్రవంలో హీటర్‌ను పూర్తి శక్తితో ఆన్ చేస్తే దాని ఒంటిని అంటుకున్న పొర మాడుతుంది. లూప్ థర్మామీటర్ 40 చూపిస్తున్నప్పుడే ఆ పొర 300 దాటవచ్చు. కొద్ది రోజుల్లో ద్రవం గోధుమరంగు తిరగడానికి ఎక్కువగా కారణం ఇదే. ద్రవం నాసిరకమని సరఫరాదారుతో తగువు పడే ముందు హీటర్ వాట్ సాంద్రత (దాని ఉపరితలంలో చదరపు సెంటీమీటరుకు ఎన్ని వాట్లు) చూసుకోండి.

వేడెక్కాక కథ మారుతుంది. స్నిగ్ధత 80 డిగ్రీలకు 9, 10 సెంటీపాయిజ్‌ల మధ్యకు, 150కి మూడింటి పైకి దిగుతుంది. 180 డిగ్రీల దగ్గర అదే గొట్టంలో రెనాల్డ్స్ సంఖ్య 13,000 చుట్టూ, గుణకం 850 నుంచి 900 దాకా. వీపీ-1 అక్కడ దీనికి సుమారు ఒకటిన్నర రెట్లు ఇస్తుంది. 10 కిలోవాట్లకు గోడ తేడా 12 డిగ్రీలే. మధ్యలో 80 డిగ్రీల దగ్గర రెనాల్డ్స్ సంఖ్య 3,600, అటూ ఇటూ కాని సంధి ప్రాంతం. అక్కడ నిలకడగా నడపవలసిన డిజైన్ పెట్టుకోవద్దు, గుణకం ఎటు ఊగుతుందో చెప్పలేం.

ఇక్కడ అయానిక్ లిక్విడ్ పక్షాన ఒక మాట చెప్పాలి. థర్మినాల్ 66 కూడా చల్లగా ఉన్నప్పుడు చిక్కనిదే. 40 డిగ్రీల దగ్గర దాని కైనమాటిక్ స్నిగ్ధత (స్నిగ్ధతను సాంద్రతతో భాగించినది) 30 సెంటీస్టోక్స్‌లు, బీమిమ్ ట్రైఫ్లిమైడ్‌ది 20 దగ్గర. కాబట్టి చిక్కదనం ఒక్కటే చూపి దీన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఆయిల్ లూపులు నడిపిన వాళ్లకు అలవాటైన జాగ్రత్తలే ఇక్కడా పాటిస్తే చాలు.

స్టార్టప్ ఇలా ఉండాలి. ముందు పంపు, తర్వాత హీటర్. 60 డిగ్రీలు వచ్చేదాకా వాట్ సాంద్రత చదరపు సెంటీమీటరుకు 1 వాట్ దాటకూడదు. ఆపేటప్పుడు హీటర్ ముందు ఆపి, దాని ఒంటి ఉష్ణోగ్రత లూప్ ఉష్ణోగ్రతకు దగ్గరయ్యేదాకా పంపు నడపాలి. హీటర్ తొడుగు మీదే ఒక థర్మోకపుల్ పెట్టి, హీటర్‌ను ఆపే ట్రిప్‌ను దానికి కట్టాలి, ద్రవం ఉష్ణోగ్రతకు కాదు.

ఏ రకం కొనాలి

ట్రైఫ్లిమైడ్ కాకుండా చౌకగా దొరికేవి ఉన్నాయి, కానీ ఒక్కోదాని వెనుక ఒక్కో లోపం. టెట్రాఫ్లోరోబోరేట్‌కు విశిష్టోష్ణం 1.6, ఉష్ణవాహకత 0.186. అంకెల్లో ట్రైఫ్లిమైడ్ కంటే మేలు. కానీ తేమ, వేడి కలిస్తే జలవిశ్లేషణ జరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. అది గాజును తింటుంది, ఉక్కును తింటుంది, మనిషికీ ప్రమాదం. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌దీ అదే కథ, పైగా 25 డిగ్రీల దగ్గర దాని బీమిమ్ లవణం స్నిగ్ధత 270 చుట్టూ. వేడి లూప్‌లో ఈ రెంటికీ చోటు ఇవ్వకండి.

బ్యూటైల్‌కు బదులు ఇథైల్ ఉన్న ఈమిమ్ డైసయనమైడ్ స్నిగ్ధత 16 సెంటీపాయిజ్‌ల దగ్గర. చూడగానే నచ్చుతుంది. బాగా వేడిచేస్తే మాత్రం అయాన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని పాలిమర్ ముద్దగా మారతాయి. గొట్టంలో అది గట్టిపడితే కడిగి తీయడం కష్టం. 100 లోపు పనికి పరిశీలించవచ్చు. ఎసిటేట్ లవణాలు సెల్యులోజ్ కరిగించడానికి పేరుపడ్డాయి. వేడి మోయడానికి మాత్రం అవి వద్దు: క్షార గుణం ఉన్న ఆనయాన్ (రుణ అయాన్) తన కేటయాన్‌నే (ధన అయాన్‌నే) దెబ్బతీస్తుంది. ఆల్కైల్ సల్ఫేట్లు తడి తగిలితే హైడ్రోజన్ సల్ఫేట్‌గా, ఆల్కహాల్‌గా విడిపోతాయి, లూప్ ఆమ్లమవుతుంది.

క్లోరైడ్ లవణాలు విడిగా వాడకపోయినా ప్రతి సీసాలోనూ మలినంగా కాస్త ఉంటాయి, ఎందుకంటే తయారీ దారి సాధారణంగా హాలైడ్ (క్లోరైడ్, బ్రోమైడ్ లాంటి లవణం) గుండానే పోతుంది. క్లోరైడ్ వేడిలో ఆల్కైల్ గుంపును లాక్కుని క్లోరోఆల్కేన్‌గా ఎగిరిపోతుంది, వెనుక ఇమిడజోల్ మిగులుతుంది. ద్రవం స్థిరత్వం పడిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్‌కు గుంటల తుప్పు పట్టే అవకాశం పెరుగుతుంది. వెండి నైట్రేట్ చుక్కకు మబ్బు పట్టలేదన్న భరోసా చాలదు. అయాన్ క్రోమటోగ్రఫీ నివేదికలో క్లోరైడ్, బ్రోమైడ్ రెండూ పీపీఎంలలో (పది లక్షల్లో ఎన్ని భాగాలో) రాసి ఉండాలి.

నీటి విషయం ఇంకా సున్నితం. ట్రైఫ్లిమైడ్ నీటితో కలవదని చెప్పడం నిజమే, అయినా తేమ గాలిలో వదిలేస్తే 1 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. ఆ కాస్త నీటికే స్నిగ్ధత గణనీయంగా పడిపోతుంది. కాబట్టి తడి నమూనా మీద కొలిచిన స్నిగ్ధత అందంగా కనిపిస్తుంది, లూప్‌లో నీరు ఎగిరిపోయాక చిక్కబడుతుంది. పైగా 100 డిగ్రీలు దాటగానే ఆ నీరు బుడగలై పంపును కొడుతుంది, ఆవిరి పీడనం లేని ద్రవంలో కావిటేషన్ ఎలా వచ్చిందని ఆశ్చర్యపోవలసి వస్తుంది. నింపేముందు 70, 80 డిగ్రీల దగ్గర, 1 మిల్లీబార్ లోపు వాక్యూమ్‌లో, కలుపుతూ 24 గంటలు ఆరబెట్టండి. నీటిని కొలిచే కూలోమెట్రిక్ కార్ల్ ఫిషర్ పరీక్షలో 200 పీపీఎం లోపు వచ్చాకే నింపండి, పైన పొడి నత్రజని పొర ఉంచండి.

లూప్ భాగాలు

ఉప్పు ద్రవం కాబట్టి ఇది విద్యుత్తును మోస్తుంది, సెంటీమీటరుకు 4 మిల్లీసీమెన్స్ దగ్గర. దీనివల్ల ఒక లాభం, రెండు నష్టాలు. లాభం: థర్మల్ ఆయిల్‌లో పనిచేయని విద్యుదయస్కాంత ఫ్లో మీటర్ ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. నష్టాలు: వేర్వేరు లోహాలు తగిలే చోట గాల్వానిక్ తుప్పు, ఇక ఎలక్ట్రానిక్ బోర్డులను నేరుగా ముంచి చల్లబరచడం అసాధ్యం. రెండోదాన్ని గమనించకుండా డేటా సెంటర్ ఇమ్మర్షన్ కూలింగ్‌కు దీన్ని ఎంచుకుంటే షార్ట్ సర్క్యూట్టే.

లూప్ మొత్తం 316ఎల్ స్టెయిన్‌లెస్ ఒక్కటే ఉంచడం మేలు. వేడి పెరిగేకొద్దీ రాగి మీద దాడి పెరుగుతుంది, కాబట్టి రాగి బ్రేజింగ్ చేసిన ప్లేట్ ఎక్స్‌చేంజర్ వద్దు, ఇత్తడి వాల్వులు వద్దు. సీళ్లకు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) సురక్షితం. థర్మల్ ఆయిల్‌కు అలవాటుగా వేసే ఎఫ్‌కేఎమ్ రబ్బరును ఇక్కడ గుడ్డిగా వేయకండి. దాని మూలమైన వినైలిడీన్ ఫ్లోరైడ్ పాలిమర్లు ట్రైఫ్లిమైడ్ ద్రవాలను పీల్చుకుని జెల్ కట్టే రకం. ఏ ఓ-రింగ్ అయినా పనిచేసే ఉష్ణోగ్రతలో వారం నానబెట్టి, బరువు, వ్యాసం, గట్టిదనం మూడూ కొలిచాకే బిగించండి.

చిన్న లూప్‌కు మాగ్నెటిక్ కప్లింగ్ ఉన్న గేర్ పంపు సరిపోతుంది. సెంట్రిఫ్యూగల్ పంపు పెడితే నీటి కర్వ్ చూసి ఎంచుకోవద్దు, చల్లని స్నిగ్ధతకు హెడ్, సామర్థ్యం రెండూ దించి లెక్కవేయాలి. సాంద్రత 1.44 కాబట్టి మోటార్ శక్తి కూడా ఆ మేరకు పెంచాలి. 25 నుంచి 180కి వెళ్తే ఘనపరిమాణం సుమారు 10 శాతం పెరుగుతుంది, ఎక్స్‌పాన్షన్ ట్యాంకును దానికి తగ్గట్టు పెట్టండి.

చలి వైపు ఒక హెచ్చరిక. ఈ ద్రవాలు విపరీతంగా సూపర్‌కూల్ అవుతాయి, అంటే గడ్డకట్టవలసిన ఉష్ణోగ్రత దాటి చల్లబడినా ద్రవంగానే ఉంటాయి. ఉష్ణ మార్పులు కొలిచే డీఎస్‌సీ యంత్రంలో గబగబా చల్లబరిస్తే స్ఫటికమే కనపడదు, కిందికి మైనస్ 80 దాటాక గాజులా బిగుసుకోవడం మాత్రమే కనిపిస్తుంది. దాన్ని చూసి మైనస్ 80 దాకా పారుతుందని అనుకుంటే, ఆపి ఉంచిన ప్లాంటులో వారాలు గడిచాక సున్నా దగ్గరే గొట్టం గడ్డకట్టవచ్చు. అడగవలసింది ద్రవీభవన స్థానం, గాజు మార్పు ఉష్ణోగ్రత కాదు.

నానో కణాలు కలిపిన రకాల గురించి కొద్ది మాటలు చాలు. కార్బన్ నానోట్యూబులు కలిపితే ఉష్ణవాహకత పెరిగిన కొలతలు ఉన్నాయి, పెరుగుదల కొద్ది శాతం నుంచి 30 పైచిలుకు దాకా చెదిరి ఉంటుంది. స్నిగ్ధత కూడా పెరుగుతుంది, కణాలు కిందికి దిగుతాయి, గేర్ పంపు అరుగుతుంది. లామినార్‌లో స్నిగ్ధత ఎంత నష్టం చేస్తుందో పైన చూశాం. లూప్‌కు ఇవి ఇంకా సిద్ధంగా లేవు.

భద్రత, వాడకం, చోటు

‘మంట అంటుకోదు’ అన్న మాటను ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకునే ఉష్ణోగ్రత) వరకే తీసుకోండి. ఆవిరి లేదు కాబట్టి మామూలు వాడకంలో పైన మండే పొగమంచు ఉండదు, అది నిజమైన మేలు. విఘటన మొదలైతే బయటికొచ్చే వాయువులు మాత్రం మండగలవు, విషపూరితం కూడా. ట్రైఫ్లిమైడ్‌లో సీఎఫ్3 గుంపులు ఉన్నాయి కాబట్టి ఓఈసీడీ 2021 నిర్వచనం ప్రకారం ఇది పీఫాస్ (ప్రకృతిలో సులభంగా నశించని ఫ్లోరిన్ రసాయనాల) వర్గంలోకి వస్తుంది. కేటయాన్ ఆల్కైల్ గొలుసు పొడవు పెరిగేకొద్దీ నీటి జీవులకు విషం పెరుగుతుంది. ‘గ్రీన్ సాల్వెంట్’ అన్న ముద్ర చూసి కాలువలో పోయడం తప్పు. పాత ద్రవాన్ని తిరిగి తీసుకునే ఒప్పందం కొనుగోలు ఆర్డరులోనే ఉండాలి.

నడుస్తున్న లూప్‌లో నెలకొకసారి నమూనా తీసి నీటి శాతం, 40 డిగ్రీల స్నిగ్ధత, ఆమ్ల సంఖ్య చూడండి. రంగును ఒక్కదాన్నే నమ్మవద్దు. చాలా తక్కువ మలినానికే ఇది పసుపు తిరుగుతుంది, ఉష్ణ గుణాలు మాత్రం మారవు. స్నిగ్ధత 10 శాతం మారినా, ఆమ్ల సంఖ్య వరుసగా రెండు నెలలు పెరిగినా హీటర్ తొడుగు తీసి చూడవలసిందే.

వాక్యూమ్ గదిలోపలికి వెళ్లే లూప్, పై మూత లేని 150 డిగ్రీల స్థిర ఉష్ణోగ్రత బాత్, ఆయిల్ వాసన, ఆవిరి అసలు ఉండకూడని సీలు చేసిన చిన్న పరికరం, వేడి మోయడంతోపాటు వాయువును పీల్చుకునే పని కూడా చేయవలసిన అబ్సార్ప్షన్ వ్యవస్థ: వీటికి బీమిమ్ ట్రైఫ్లిమైడ్‌ను ధైర్యంగా సిఫారసు చేయవచ్చు. పదుల లీటర్లు దాటని చోట దీని ఖర్చును సమర్థించుకోవచ్చు. వెయ్యి లీటర్ల ఫ్యాక్టరీ లూప్‌కు, 200 దాటి నిలకడగా నడిచే పనికి థర్మినాల్ 66 లాంటి ఆయిల్‌తోనే ఉండండి. 400 పైన కావాలంటే 60 శాతం సోడియం నైట్రేట్, 40 శాతం పొటాషియం నైట్రేట్ కలిసిన సోలార్ సాల్ట్ ఉంది. అది 565 డిగ్రీల దాకా వెళ్తుంది. 220 పైనే కరుగుతుంది కాబట్టి గొట్టాలకు హీట్ ట్రేసింగ్ (వెంట చుట్టే వేడి తీగ) తప్పనిసరి.

ఆర్డరు పెట్టేముందు సరఫరాదారు నుంచి ఆ బ్యాచ్‌కే చెందిన కాగితాలు తీసుకోండి: మూడు స్థిర ఉష్ణోగ్రతల విఘటన దత్తాంశం, కార్ల్ ఫిషర్ నీరు, హాలైడ్ పీపీఎం, 25 నుంచి 150 దాకా స్నిగ్ధత పట్టిక, ఉష్ణవాహకత కొలిచిన పద్ధతి. చివరిది ఎందుకంటే, విద్యుత్తును మోసే ద్రవంలో ఉష్ణవాహకత కొలవడానికి పూత లేని హాట్ వైర్ (వేడి తీగ) వాడితే కరెంటు ద్రవంలోకి జారి విలువ తప్పుగా వస్తుంది. ఆ వైరుకు ఇన్సులేషన్ ఉందో లేదో నివేదికలో రాసి ఉండాలి.